నాలుగు గళ్ళ రిజిస్టరు

అంకె దిగలేదు. గోధుమ పడని జబ్బు తేలిన ఆరు నెలల కిందట పాప పిచ్చుక రక్తపరీక్షలో ఎంత వచ్చిందో ఇప్పుడూ ఇంచుమించు అంతే వచ్చింది. డాక్టరమ్మ పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని, ఒకసారి తల్లిని, ఒకసారి తండ్రిని చూసింది. ఆ చూపు తండ్రికి, ప్రెస్సులో పుస్తకాలు కట్టే బైండరుకి, నచ్చలేదు. అతనికి నచ్చే చూపులు లోకంలో తక్కువే.

"గోధుమ పూర్తిగా మాన్పించారా?" అంది డాక్టరమ్మ.

"మాన్పించడం ఏమిటండీ, ఇంట్లోంచే వెళ్ళగొట్టాం. మేం బ్రెడ్డు ముక్క చూసి ఆరు నెలలైంది. పాపకి వేరే గిన్నె, వేరే గరిటె, వేరే జల్లెడ. మా చెల్లెలు భోజనానికి పిలిస్తే పిల్ల క్యారేజీ పట్టుకుని వెళ్ళాం. ఆవిడకి కోపమొచ్చి ఇప్పటికీ మాట్లాడటం లేదు."

మొగుడు మాట్లాడేచోట భార్య సాధారణంగా మాట్లాడదు, ఖాళీ దొరకదు కనక. పిచ్చుక మాత్రం కుర్చీలో కాళ్ళు ఊపుకుంటూ ఒళ్ళో ఉన్న బొమ్మల పుస్తకం తిరగేస్తోంది. దానికి ఏడో ఏడు నడుస్తోంది, ఐదేళ్ళ పిల్ల గౌను ఇంకా వదులే. పిచ్చుక అన్నది ముద్దుకి పెట్టిన పేరు. ఇప్పుడు తల్లి ఆ పేరుతో పిలవడం తగ్గించింది.

"ఇంట్లో లేకపోతే బయట వెతకాలి," అంది డాక్టరమ్మ. "గోధుమ పిండి తిండిలోనే ఉండాలని లేదు. పిల్లలు ఆడుకునే క్లే ముద్దల్లో ఉంటుంది. కొన్ని జిగుర్లలో, కొన్ని రంగుల్లో ఉండొచ్చు. ముట్టుకుంటే ఏమీ కాదు. కానీ ఈ వయసు వాళ్ళ చెయ్యి నోట్లోకి పోకుండా ఎంతసేపు ఉంటుంది? ఆవగింజలో అరభాగం రోజూ లోపలికి పోతున్నా చాలు, పేగు మానదు. బళ్ళో ఏమేం వాడుతున్నారో చూడండి. నెల చూస్తాను. అప్పటికీ దిగకపోతే మళ్ళీ నోట్లోంచి కడుపులోకి గొట్టం వేసి చూడాల్సిందే."

గొట్టం అన్న మాటకి పిచ్చుక కాళ్ళు ఊపడం ఆగింది. కిందటిసారి ఆ గొట్టం కోసం నలుగురు పట్టుకోవాల్సి వచ్చింది, అందులో ఒకరు తండ్రే. డాక్టరమ్మ అది గమనించి, మాట మార్చడానికి, "పుస్తకం బాగుందే. ఎవరు కొన్నారు?" అంది.

"కొనలేదు. మా నాన్న చేశాడు," అంది పిచ్చుక. బొటనవేలు నాలిక్కి రాసుకుని, అచ్చం కాగితాలు లెక్కపెట్టే తండ్రిలాగే, ఒక పేజీ తిప్పి చూపించింది.

బస్సులో ఇంటికి వస్తూ బైండరు కాస్త హుషారుగా కూడా ఉన్నాడు. ఆరు నెలలుగా గిన్నెలతోనూ గరిటెలతోనూ యుద్ధం చేశాడు. వాటిని తిడితే అవి పలకవు. ఇప్పుడు తిట్టడానికి మనుషులు దొరికారు.

"బడే," అన్నాడు. "నాకు ముందునుంచీ అనుమానమే."

"ముందునుంచీ నువ్వు నా జల్లెడని అనుమానించావు," అంది భార్య.

మర్నాడు మంగళవారం. ప్రెస్సులో సగం పూట సెలవు అడిగి, దారం పోగులు చూసుకునే భూతద్దం జేబులో వేసుకుని, బైండరు బడికి వెళ్ళాడు. బొమ్మల గది పొడుగాటి గది. రెండు పెద్ద బల్లలు, మూల ఒక తొట్టి, తొట్టినిండా కడగాల్సిన బ్రష్షులు. బొమ్మల టీచరు సన్నటి మనిషి, జడలో పెన్సిలు గుచ్చుకుని ఉంది, అది అక్కడ ఉన్న సంగతి ఆవిడకి గుర్తున్నట్టు లేదు. ఆవిడ అలమర తలుపులు రెండూ బార్లా తెరిచి, "అన్నీ చూడండి," అంది.

ఆ మాటతో బైండరుకి సగం కోపం పోయింది, అదొక నష్టం. మిగిలిన సగంతో పని మొదలుపెట్టాడు. మైనపు రంగుల పెట్టెలు, నీటి రంగుల బిళ్ళలు, పోస్టరు రంగుల సీసాలు, తెల్ల జిగురు డబ్బాలు, జిగురు పుల్లలు, క్లే బకెట్లు రెండు. ఒక్కోటీ తిరగేసి, భూతద్దం పెట్టి, కిందున్న చీమతలకాయలంత అక్షరాలు చదివాడు. తయారైన తేదీ ఉంది. ఎండలో పెట్టకూడదని ఉంది. మూడేళ్ళలోపు పిల్లలకి ఇవ్వకూడదని ఉంది. లోపల ఏముందో మాత్రం ఏ డబ్బా మీదా లేదు.

"విషం లేదని రాశారు," అంది టీచరు, ఒక పెట్టె చూపించి.

"గోధుమ విషమా కాదా?"

"మీ పాపకి విషం. మిగతా ప్రపంచానికి భోజనం. డబ్బా మీద ప్రపంచం కోసం రాస్తారు."

క్లే బకెట్టు మీద కంపెనీ ఫోన్ నంబరు ఉంది. బైండరు అక్కడే నిలబడి ఫోను కలిపాడు. తన కాల్ వాళ్ళకెంత విలువైనదో ఏడు నిమిషాలపాటు సంగీతంతో సహా విన్నాక ఒక అమ్మాయి పలికింది. బైండరు విషయం చెప్పాడు.

"మా ఉత్పత్తులన్నీ పిల్లలకి పూర్తిగా సురక్షితం సార్."

"సంతోషం. అందులో గోధుమ పిండి ఉందా?"

"సహజమైన పదార్థాలతో తయారు చేస్తాం సార్."

"గోధుమ సహజంగానే పండుతుందమ్మా. ఉందా, లేదా?"

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడు. "సార్, అది తినే వస్తువు కాదు సార్. అందుకని ఆ వివరాలు మా దగ్గర ఉండవు."

"తినే వస్తువు కాదని నీకు తెలుసు. దానికి తెలుసా?"

"దేనికి సార్?"

"గోధుమకి."

ఆ అమ్మాయి ఫిర్యాదు నమోదు చేసుకుంటానంది. ఎద్దు పుండు కాకికి నొప్పా అని బైండరు అనబోయాడు గాని, ఆ అమ్మాయి జీతం కోసం చదువుతున్న మాటలవి అని టీచరు కళ్ళతో చెప్పింది. ఫోను పెట్టేశాక టీచరు క్లే ముద్ద ఒకటి తీసి వాసన చూసింది. ఉప్పు, ఏదో పూల సెంటు, దాని కింద తడిపిన పిండి వాసన. ముద్దని అతని ముందు పెట్టింది. చప్పుడుకి పెద్దమాస్టారు వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని అంతా విని, "మీరు నిశ్చింతగా ఉండండి. మేం చూసుకుంటాం," అన్నాడు. చూసుకుంటాం అన్నవాడు ఏం చూసుకుంటాడో అడగాలని బైండరుకి అప్పుడు తోచలేదు.

బైండరు పని రిజిస్టర్లు కట్టడం. ఆఫీసులకి, గిడ్డంగులకి, ఆస్పత్రులకి, నాలుగు వందల పేజీల లావు పుస్తకాలు. గళ్ళు గీసిన కాగితం చూస్తే అతనికి లోకంలో న్యాయం ఉందనిపిస్తుంది. బుధవారం పొద్దున్నే ప్రెస్సులో కూర్చుని ఇరవై నాలుగు పేజీల చిన్న రిజిస్టరు ఒకటి కట్టాడు. ప్రతి పేజీకీ నాలుగు గళ్ళు. వస్తువు. ఎవరు తయారు చేశారు. ఎవరిని అడిగాం. గోధుమ ఉందా లేదా. నాలుగో గడి మిగతావాటికన్నా ఇరుకు, ఒక్క మాట పట్టేంత. పుస్తకం వీపుకి ఎర్ర గుడ్డ అతికి, మూలలకి కూడా గుడ్డ తొడిగి, బరువు కింద పెట్టి, ఆరీ ఆరకముందే చంకన పెట్టుకుని బడికి బయల్దేరాడు.

బొమ్మల గది కిటికీ వరండాలోకి ఉంటుంది. లోపల క్లాసు జరుగుతోంది. రెండు బల్లల చుట్టూ పిల్లలు మూగి క్లే ముద్దలు పిసుకుతున్నారు. ఒకడు ఏనుగు చేశానంటున్నాడు, పక్కవాడు అది బూటు అంటున్నాడు. పిచ్చుక ఆ గుంపులో లేదు. బైండరు కళ్ళు రెండు బల్లలూ రెండుసార్లు వెతికి, ఆ తర్వాత తలుపు దగ్గరికి వచ్చాయి. తలుపు పక్కన గోడకి ఆనించి చిన్న స్టూలు. దాని మీద పిచ్చుక. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు ఒకదాంట్లో ఒకటి దూర్చుకుని, ఫొటో తీయించుకునే పెద్దమనిషిలాగా బుద్ధిగా కూర్చుని ఉంది. ముందు ఏమీ లేదు. ఆ చేతులు ఏమీ చేయడం లేదు.

బైండరు తిన్నగా పెద్దమాస్టారి గదికి వెళ్ళాడు.

"నేను తీయమన్నది క్లే అండీ, పిల్లని కాదు."

"చూడండి, ముప్పై రెండు మంది పిల్లలు. మీ అమ్మాయి ఒక్కతి," అన్నాడు పెద్దమాస్టారు. ఆయన చెడ్డవాడు కాదు, ముందున్న కాగితాలని సర్దుతూ ఉన్నాడంతే. "రేపు ఏమైనా అయితే మీరే మమ్మల్ని అడుగుతారు. దూరంగా ఉంటే ఎవరికీ ఇబ్బంది లేదు."

"దానికి లేదా ఇబ్బంది?"

"అమ్మాయి ఏమీ అనలేదండీ. చాలా బుద్ధిమంతురాలు."

గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చారని, ముప్పై రెండు ముద్దలు మార్చడం కన్నా ఒక పిల్లని జరపడం చవకని, ఇంకా చాలా అన్నాడు బైండరు. అన్నకొద్దీ తన గొంతు తనకే చిన్నదవుతూ వినిపించింది. పెద్దమాస్టారు ప్రతిదానికీ తల ఊపాడు. తల ఊపేవాడితో ఎంతసేపు పోట్లాడగలం? రిజిస్టరు మాత్రం బొమ్మల టీచరు చేతిలో పెట్టాడు. ఆవిడ అతని మొహం చూడకుండా అందుకుంది.

"స్టూలు వెయ్యమన్నది నేను కాదండీ," అంది మెల్లిగా. "అలా అని అడ్డమూ పడలేదు."

"ఈ గదిలో ఉన్నవన్నీ ఇందులో ఎక్కించండి టీచరుగారూ. ఒక్క వస్తువు కూడా వదలొద్దు. వదలకపోతే బల్ల దగ్గరికి రానిస్తారు కదా?"

"రానిస్తాను," అంది ఆవిడ.

ఇంటికి వస్తుంటే పిచ్చుకే చెప్పింది. "నాన్నా, నాకు డ్యూటీ ఇచ్చారు. తలుపు దగ్గర కూర్చుని ఎవరొస్తారో చూడాలి. ఇవాళ నువ్వొచ్చావు. నేను చూశాను."

"చూసి పిలవలేదేం?"

"డ్యూటీలో మాట్లాడకూడదు."

బైండరు పిల్ల సంచి అందుకుని భుజాన వేసుకున్నాడు.

గురువారం ప్రెస్సులో పని పూర్తయ్యాక అతను ఇంటికి పోలేదు. కటింగు మిషను దగ్గర పనిచేసే ముసలాయన్ని అందరూ కత్తి మామ అంటారు. పిచ్చుక జబ్బు తేలిన దగ్గర్నుంచీ రంగు కాగితాల కత్తిరింపులన్నీ ఆయన అట్టపెట్టెలో దాస్తున్నాడు. బైండరు నెలకొక పుస్తకం వాటితోనే చేస్తాడు. పుట్టినరోజు విందులకి పంపలేని పిల్లకి, అంగట్లో బిస్కట్ల గాజు సీసాల వైపు చూడొద్దని చెప్పాల్సిన పిల్లకి, తండ్రి ఇవ్వగలిగినవి ఆ ఆరు పుస్తకాలే. ఇది ఏడోది. దీన్ని అన్నిటికన్నా పెద్దగా చేయాలనుకున్నాడు. తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్నా ఒళ్ళు నిండేంత.

"మామా, నా మడతబద్ద చూశావా?" అని బల్ల మీది కాగితాలన్నీ ఎత్తి చూశాడు. అరచేతి పొడుగు ఎముక ముక్క అది. మడతలు నొక్కడానికి అది లేకపోతే అతనికి చెయ్యి లేనట్టే.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది అల్లుడూ నీ పని. చెవి తడుముకో."

మడతబద్ద చెవి మీదే ఉంది. ఇద్దరూ నవ్వారు. ఆ వారంలో బైండరు నవ్వింది అదొక్కసారే.

కత్తిరింపులు విడి కాగితాలు, మడత లేనివి, కాబట్టి కుట్టడానికి వీల్లేదు. ఒక్కోదాన్ని అంచుకి అంచు అతకాలి. అతను స్టవ్వు వెలిగించాడు. మూల బస్తాలోంచి రెండు దోసిళ్ళ మైదా తీసి, చన్నీళ్ళలో ఉండకట్టకుండా కలిపి, పాత గుడ్డలో వడకట్టి, సన్నసెగ మీద పెట్టి కలుపుతూ నిలబడ్డాడు. కలిపే చెయ్యి ఆగకూడదు, ఆగితే అడుగంటుతుంది. తెల్లటి నీళ్ళు కాస్తా చిక్కబడి, రంగు విరిగి, మెరుపు తేలాయి. గరిటె ఎత్తితే బంక తీగలా సాగింది. ఈ దశలో పురుగు పట్టకుండా మైలుతుత్తం పొడి చిటికెడు వేస్తారు. కత్తి మామ సీసా అందించబోయాడు.

"వద్దు మామా. పిచ్చుక పుస్తకానికి నేను తుత్తం వెయ్యను. విషం అది. పిల్ల ఎక్కడ నోట్లో పెట్టుకుంటుందో."

"బూజు పడుతుందిరా నెల తిరిగేసరికి."

"నెల తిరిగేసరికి ఇంకోటి చేస్తాను."

బంక చల్లారాక రంగు కాగితాలని మెట్లుమెట్లుగా పరిచాడు, ఒక్కోదాని అంచు రెండు దారాల వెడల్పు మాత్రమే కనబడేలాగ. తడిపిన బ్రష్షుతో పైనుంచి కిందికి ఒక్క లాగు. ఆ లాగు సమంగా రావడానికి అతనికి పదేళ్ళు పట్టింది. ఒక్కో కాగితం ఎత్తి, ముందుదాని మీద ఆనించి, మడతబద్దతో నొక్కుతూ, లెక్క తప్పకుండా బొటనవేలు నాలిక్కి తాకించుకుంటూ తొంభై ఆరు పేజీలు అతికాడు. అట్ట మీద పసుపు కాగితంతో ఒక పిచ్చుకని కత్తిరించి అంటించాడు. దాని ముక్కు వంకర వచ్చింది, కానీ ఎగిరేలాగే ఉంది. అంచుల వెంట పైకి ఉబికిన బంకని వేలితో తుడిచి, వేలు ఏప్రనుకి రాసుకుని, ఆ పుస్తకాన్ని తనకి చేతనైనంత శుభ్రంగా తయారు చేశాననుకున్నాడు. నిజంగానే అంత శుభ్రంగా అతను ఏ ఆఫీసుకీ కట్టివ్వలేదు.

శుక్రవారం పిచ్చుక ఆ పుస్తకం గుండెకి హత్తుకుని బడికి వెళ్ళింది. సాయంత్రం దాన్ని అలాగే హత్తుకుని వచ్చింది కానీ, తిండి దగ్గరికి రాలేదు. గచ్చు మీద పక్కకి తిరిగి మోకాళ్ళు గడ్డానికి తెచ్చుకుని పడుకుంది. తల్లి గౌను ఎత్తి చూస్తే పొట్ట డోలులా బిగిసి ఉంది. రెండుసార్లు వాంతి చేసుకుంది. ప్రతిసారీ, "సారీ అమ్మా," అంది.

"ఏం తిన్నావు? ఎవరన్నా ఏమన్నా పెట్టారా?"

"లేదు. నేను డ్యూటీ చేశాను. పుస్తకం చూసుకున్నాను."

"ఆ గదిలోకే పంపకూడదు దాన్ని," అన్నాడు బైండరు. గదిలో ఆ గోడ నుంచి ఈ గోడకి నడిచాడు. "దూరంగా కూర్చోబెట్టామన్నారు. గాల్లో ఎగురుతుంది ఆ పిండి. రేపు వెళ్ళి ఆ బకెట్లు రోడ్డు మీద పారబోయకపోతే చూడు."

భార్య పిల్ల పొట్ట మీద చెయ్యి వేసి కూర్చుంది. "పారబొయ్యి," అంది. "ఆ తర్వాత?"

నెల గడువులో అప్పుడే ఐదు రోజులు పోయాయి.

శనివారం బడి తెరిచే వేళకి బైండరు వరండాలో ఉన్నాడు. నాలిక చివర పదునైన మాటలు నాలుగు సిద్ధంగా పెట్టుకున్నాడు. బొమ్మల గది తలుపు తీసే ఉంది. లోపల క్లే బకెట్లు లేవు. వాటిచోట మూత బిగించిన గాజు సీసాలు ఉన్నాయి, లోపల తెల్లటి ముద్దలు. తలుపు పక్కన స్టూలు కూడా లేదు. టీచరు కళ్ళు ఎర్రగా ఉన్నాయి, నిద్ర చాలనట్టు.

"కూర్చోండి. మీ రిజిస్టరు పూర్తయింది," అంది.

అతను నిలబడే తెరిచాడు. ఆవిడ చేతిరాత గుండ్రంగా ఉంది. మైనపు రంగులు, ఫలానా కంపెనీ, ఫ్యాక్టరీ మేనేజరుని అడిగాం, లేదు. పోస్టరు రంగులు, మెయిల్లో జవాబు వచ్చింది, లేదు. తెల్ల జిగురు, లేదు. పుల్లల జిగురు, బంగాళాదుంప పిండి, లేదు. క్లే, నాలుగుసార్లు ఫోను, ఐదోసారి ఒప్పుకున్నారు, ఉంది, తీసేశాం. కొత్త క్లే, బియ్యప్పిండి, ఉప్పు, నూనె, నేనే ఇంట్లో చేశాను, లేదు. నేల తుడిచే గుడ్డ కూడా ఉంది. చేతులు కడిగే సబ్బు కూడా ఉంది. పద్దెనిమిది పేజీలు. ఎవరూ ఎన్నడూ బైండరు మాట అంత శ్రద్ధగా వినలేదు. తెచ్చుకున్న పదునైన మాటలు ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"సోమవారం నుంచి పాప బల్ల దగ్గరే కూర్చుంటుంది," అంది టీచరు. "పెద్దమాస్టారితో మాట్లాడాను. ఇది చూపించాను. ఆయనకీ గళ్ళంటే గౌరవమే."

"నిన్న దానికి మళ్ళీ..." అని మొదలుపెట్టాడు బైండరు.

"తెలుసండీ. మధ్యాహ్నం నుంచే నలతగా ఉంది. కానీ నిన్న పాప ఈ గదిలో ఏదీ ముట్టుకోలేదు. రోజంతా ఒక్కటే వస్తువు ముట్టుకుంది." ఆవిడ రిజిస్టరు వైపు చూపించింది. "చివరి పేజీ చూడండి. అక్కడ ఒక గడి మీరే నింపాలి."

అతను బొటనవేలు నాలిక్కి రాసుకుని పేజీ తిప్పాడు. అక్కడ ఒకే ఒక వరస ఉంది.

వస్తువు: పాప తెచ్చుకునే బొమ్మల పుస్తకాలు. ఎవరు తయారు చేశారు: వాళ్ళ నాన్న. ఎవరిని అడిగాం: ఇంకా అడగలేదు.

నాలుగో గడి ఖాళీగా ఉంది.

"పేజీ పేజీకీ వేలు నాలిక్కి రాసుకుంటోంది. వద్దన్నాను. మా నాన్న ఇలాగే తిప్పుతాడంది," అంది టీచరు. "మీరు ఒక్క వస్తువు కూడా వదలొద్దన్నారు కదండీ. అందుకని రాశాను. ఆ జిగురు దేంతో చేస్తారు?"

"అది మా ప్రెస్సు బంకండీ," అన్నాడు బైండరు. "దానికేం. అది తినే వస్తువు..."

అక్కడ ఆగిపోయాడు. ఆ మాట ఆ వారంలో అతను ఒకసారి విన్నాడు, ఇదే గదిలో, ఫోనులో. ఆ అమ్మాయి గొంతు ఎంత మర్యాదగా ఉందో కూడా గుర్తుకొచ్చింది. చేతిలో ఉన్న ఎర్ర గుడ్డ వీపు రిజిస్టరు వైపు చూశాడు. దీన్నీ దాంతోనే అతికాడు. పద్దెనిమిది పేజీలు నింపుతూ ఆవిడ దీన్ని మూడు రోజులు ఈ బల్ల మీదే పెట్టుకుంది.

టీచరు జడలోంచి పెన్సిలు తీసి ఇచ్చింది. ఇరుకు గడిలో 'ఉంది' అని రాయడానికి చాలాసేపు పట్టింది.

ప్రెస్సుకి వెళ్ళాడు, ఎందుకు వెళ్ళాడో తెలియకుండానే. మైదా బస్తా మూల కూర్చుని ఉంది. ఇరవై రెండేళ్ళుగా అది అతనికి పిండి కాదు, సరుకు. కాగితం, దారం, గుడ్డ, మైదా. ఏప్రను ముందుభాగమంతా ఎండిన పెచ్చులు. గోళ్ళ సందుల్లో తెల్లటి గీతలు. ఈ చేతులతోనే రోజూ సాయంత్రం పిల్లకి జడ వేస్తున్నాడు, అన్నం కలిపి పెడుతున్నాడు. పిల్లకి వేరే గిన్నె, వేరే గరిటె, వేరే జల్లెడ.

కత్తి మామకి సంగతి చెప్పాడు. ముసలాయన మిషను ఆపాడు.

"తుత్తమైనా వెయ్యలేదు కదరా."

"వేసుంటే చేదుకి ఉమ్మేసేది మామా," అన్నాడు బైండరు. "తియ్యగా ఉందని నాకింది."

ఇంటి బయట కుళాయి కింద చేతులు మూడుసార్లు కడిగాడు. చొక్కా విప్పి తడిపి, తిరగేసి, బయటే తీగ మీద పడేశాడు. బనీనుతో గుమ్మంలో నిలబడి భార్యని బయటికి పిలిచి చెప్పాడు. అతను అంత తక్కువ మాటల్లో ఏదీ చెప్పి ఎరగడు. ఆమె విని, లోపలికి వెళ్ళి, మేకుకి వేలాడుతున్న అతని తువ్వాలు పిల్ల తువ్వాలు పక్కనుంచి తీసి బయటికి తెచ్చింది. తిట్టలేదు. తిడితే బాగుండునని అతనికి అనిపించింది. తిట్టడమెలాగో అతనికి తెలుసు, తిట్లు పడటం కూడా తెలుసు. ఈ తువ్వాలు తీయడం తట్టుకోవడం తెలియలేదు.

"పుస్తకాలు?" అంది ఆమె.

"అన్నీ తీసెయ్యాలి."

"ఎవరు చెప్తారు దానికి?"

పిచ్చుక తేరుకుంది, గచ్చు మీద బోర్లా పడుకుని కొత్త పుస్తకంలో ఎర్ర పేజీ మీద ఏదో గీస్తోంది. మిగతా ఆరూ పక్కన వరసగా పేర్చి ఉన్నాయి. తండ్రిని చూసి లేచి పరిగెత్తుకొచ్చింది. అతను రెండడుగులు వెనక్కి వేసి, చేతులు రెండూ వెనక దాచుకున్నాడు. ఎప్పుడూ అలా చేయలేదు కాబట్టి పిచ్చుక అది ఆటనుకుని నవ్వింది.

"ఏం తెచ్చావు?"

"ఏం తేలేదు. ఒక మాట చెప్పాలి." గొంతు సరిచేసుకున్నాడు. "నీకు పడనిది బళ్ళో ఇప్పుడు లేదు. టీచరు అన్నీ చూసింది. అది నా బంకలో ఉంది. నేను చేసిన పుస్తకాల్లో ఉంది. నాకు తెలియలేదు."

పిచ్చుక పుస్తకాల వైపు చూసింది. అట్ట మీది వంకర ముక్కు పిచ్చుకని చూసింది. ఏడవలేదు. పెద్దవాళ్ళు ఏదైనా చెప్పినప్పుడు పూర్తిగా అర్థం చేసుకోవాలని ఆ పిల్ల ఆరు నెలల్లో నేర్చుకుంది.

"నీ చేతులకి కూడా ఉందా?"

"ఉంది."

"కడుక్కున్నా?"

"కడిగాను. కానీ రోజూ అదే పని కదా అమ్మా నాది."

"చొక్కాకి?"

"చొక్కాకి కూడా."

పిచ్చుక వంటింటి గుమ్మం దగ్గరున్న చిన్న స్టూలు రెండు చేతులా మోసుకొచ్చి, గది ఆ చివర తలుపు పక్కన గోడకి ఆనించి వేసుకుంది. దాని మీద కూర్చుని, గౌను సర్దుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు ఒకదాంట్లో ఒకటి దూర్చుకుంది.

"ఇంత దూరం చాలా నాన్నా?"

ముట్టుకుంటే ఏమీ కాదని డాక్టరమ్మ చెప్పింది. ఆ మాట అతనికి బాగా గుర్తుంది. అదే చెప్పాలని నోరు తెరిచాడు, కానీ ఆ రోజు తన నోటినుంచి వచ్చే ఏ మాట మీదా అతనికి నమ్మకం కలగలేదు. భార్య చేతిలో తువ్వాలుతో గుమ్మంలోనే నిలబడిపోయింది.

పిచ్చుక జవాబు కోసం కాసేపు చూసింది. చూసి, స్టూలు ఇంకో జానెడు వెనక్కి జరుపుకుంది.